నెమలి మెడ మీద రాసిన క్రియ

మా పక్కింటి అమ్మాయి బెంగుళూరులో ఉద్యోగం చేస్తూ శని, ఆదివారాలకు హిందూపురం వస్తుంది. వచ్చిన రోజు పొద్దున్నే చెవుల్లో ఏవో పెట్టుకుని మిద్దె మీద ఈ కొస నుంచి ఆ కొసకు తిరుగుతూ తనలో తాను మాట్లాడుకుంటూ ఉంటుంది. ఈ కాలపు పిల్లలు గాలితో మాట్లాడడం నాకు అలవాటైపోయింది కనుక నేను పెద్దగా పట్టించుకోను. కానీ పోయిన ఆదివారం మా మిద్దె మీద ఎండుమిరపకాయలు పరుస్తుంటే, పిట్టగోడకు అవతల నుంచి "ఆబ్లొ, ఆబ్లస్, ఆబ్ల, ఆబ్లామొస్, ఆబ్లన్" అని వినబడింది. నా కుడికాలు దానంతటది ఐదుసార్లు నేలను తొక్కి, ఆరోసారి పైకి లేచి, అలాగే ఆగిపోయింది. "ఒకటి తప్పింది" అన్నాను, నాకు తెలియకుండానే, గట్టిగా.

ఆ అమ్మాయి చెవుల్లోవి పీకేసి నా వైపు చూసింది. "ఏమి తప్పిందవ్వా? ఇది స్పానిష్. నీకెట్ల తెలుసు?" అంది. ఫోనులో పాఠం 'మాట్లాడడం' అనే క్రియకు ఐదు మాటలే నేర్పిస్తుందట, 'మీరంతా' అన్నప్పుడు వాడేది స్పెయిన్ లో తప్ప మిగతా దేశాల్లో వాడరు కనుక వదిలేశారట. సరే, వాడనిదాన్ని ఎవరు మాత్రం ఎన్నాళ్ళు మోస్తారు? మిరపకాయలు పరవడం అయ్యాక చెప్తానని ఆ పిల్లను పంపించాను గానీ, ఆ పూట మిరపకాయలు సగం ఒక మూల కుప్పగానే ఉండిపోయాయి. నేను మాత్రం నీళ్ళ ట్యాంకు నీడలో కూర్చుని ధర్మవరం నుంచి పెనుకొండకు ప్యాసింజరు బండిలో ఎన్నిసార్లు పోయివచ్చానో లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను.

మీలో నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో ఆడపిల్ల డిగ్రీ పాసైతే ఊరంతా సంతోషించేది, ఆ తర్వాత ఆ పిల్లను ఏం చేయాలో మాత్రం ఊరంతటికీ తెలిసేది కాదు. నేను ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఇంట్లో పుట్టినదాన్ని. మగ్గం మీద కూర్చునే ఓపిక నాకు లేదు, నూలు చుట్టమంటే చిక్కులు వేసేదాన్ని. మా అవ్వ కండెలు చుడుతూ నా వైపు చూసి నిట్టూర్చేది. అలాంటి నాకు పెనుకొండలో, పల్లెటూరి పిల్లల చదువులకు సాయం చేసే ఒక సంస్థలో ఉద్యోగం దొరికింది. ఉద్యోగమంటే పెద్దదేమీ కాదు, కవర్లు అంటించడం.

ఆ పిల్లలకు సాయం చేసేవాళ్ళు స్పెయిన్ దేశపు కుటుంబాలవాళ్ళు. తనకల్లు నుంచో నల్లచెరువు నుంచో ఒక పిల్ల తెలుగులో "మా ఆవు ఈనింది, దూడకు నుదుటి మీద తెల్లమచ్చ ఉండాది" అని జాబు రాస్తే, దాన్ని మా ఆఫీసులో ఇంగ్లీషు చేసేవాళ్ళు. అది స్పెయిన్ పోయాక అక్కడ ఇంకెవరో వాళ్ళ భాషలోకి మార్చేవాళ్ళు. వాళ్ళు సంతోషించి "దూడ బాగుందా?" అని జవాబు రాస్తే, అది మళ్ళీ అదే దారిన రెండు భాషలు దాటి తనకల్లు చేరేసరికి ఆ దూడ కాస్తా అరకకు కట్టే వయసుకు వచ్చేది. ఈ తతంగమంతా చూసి చూసి విసిగిపోయిన మా టీచరమ్మ, ఇంగ్లీషు మధ్యలో ఎందుకు, మీకే మా భాష నేర్పిస్తానని పట్టుబట్టింది.

టీచరమ్మది స్పెయిన్ దేశమే. అరవై ఏళ్ళ మనిషి. నేతచీరను చీలమండలకు పైకే కట్టుకుని, పెద్ద పెద్ద అంగలు వేసుకుంటూ నడిచేది. ఆవిడ తెలుగు నేర్చుకున్నది పుస్తకాల్లో కాదు, మా పల్లెల్లో తిరిగి. అందుకని ఆఫీసుకు వచ్చిన పెద్ద అధికారిని కూడా "ఏమప్పా, ఎప్పుడొస్తివి? యాడ దిగినావు?" అని పలకరించేది. వచ్చినవాడికి నవ్వాలో దండం పెట్టాలో తోచేది కాదు. ఆవిడ పెట్టిన షరతు ఒక్కటే. ఒక క్రియాపదాన్ని తీసుకుని, అన్ని కాలాల్లో, అన్ని తీరుల్లో, కాగితం చూడకుండా తడుముకోకుండా ఎవరు చెప్పగలిగితే వాళ్ళు జాబులు రాసే బల్ల దగ్గరికి పోవచ్చు. అంతవరకూ జిగురు సీసానే గతి.

పుస్తకంలో 'మాట్లాడడం' అనే క్రియ ఇచ్చి ఉంది. టీచరమ్మ దాన్ని పక్కన పెట్టి, ఒక్కొక్కరినీ మీ ఇంట్లో ఏం చేస్తారని అడిగి, వాళ్ళ ఇంటి పని తాలూకు క్రియ వాళ్ళకిచ్చింది. హిందూపురంలో కిరాణా అంగడి ఉన్న అమ్మాయికి 'అమ్మడం' వచ్చింది. నాకు 'నేయడం' వచ్చింది. తెహేర్. ఆ 'హ' మన హ కాదు, ఖ కూడా కాదు. గొంతులో కొంచెం గీరుకున్నట్టుండే శబ్దం, పొద్దున్నే వేపపుల్లతో పళ్ళు తోముకునేవాళ్ళకు బాగా తెలిసిన శబ్దం.

తెహేర్ బుద్ధిమంతురాలైన క్రియ. వాళ్ళ భాషలో కొన్ని క్రియలకు తిక్క ఉంటుంది, కాలం మారగానే మొహం కూడా మార్చేసుకుంటాయి. తెహేర్ అలా కాదు. ముందున్న 'తెహ్' ఎక్కడికీ కదలదు, వెనక తోక మాత్రం మారుతుంది. నేను నేస్తే తెహో, నువ్వు నేస్తే తెహెస్, అతను నేస్తే తెహె, మనమంతా నేస్తే తెహేమొస్, మీరంతా నేస్తే తెహేయిస్, వాళ్ళు నేస్తే తెహెన్. ఎవరు చేశారో తోకే చెప్పేస్తుంది, మన నేస్తాను, నేస్తావు, నేస్తాడులాగే. అందుకే ఇంగ్లీషు దగ్గర నోరు మెదపని మేము దీని దగ్గర కొంచెం ధైర్యం తెచ్చుకున్నాం. నిన్న ఒక చీర నేసి దించేశానంటే తెహీ. రేపు నేస్తానంటే తెహెరే. వీలుంటే నేసేదాన్నే అంటే తెహెరీయ. అప్పట్లో రోజూ నేస్తూ ఉండేదాన్ని అంటే తెహీయ. ఈ చివరిది చెప్పేటప్పుడు టీచరమ్మ, ఎప్పుడు మొదలైందో ఎప్పుడు ఆగిందో ఎవరూ అడగని పనులకు దీన్ని వాడతారని చెప్పింది. అప్పుడు దాన్ని పరీక్షకు చదివినట్టు చదివాను, అంతే.

అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. జరిగిన పనికి, జరుగుతున్న పనికి ఒక తీరు. జరగాలని మనసులో అనుకునేదానికి, జరుగుతుందో లేదో తెలియనిదానికి వాళ్ళ భాషలో పూర్తిగా వేరే తీరు. అదే తెహేర్, కానీ తోకలు వేరు. తెహ, తెహస్, తెహ, తెహామొస్, తెహాయిస్, తెహన్. 'వాళ్ళు నేస్తారు' వేరు, 'వాళ్ళు నేయాలని నా కోరిక' వేరు. ఇది నా బుర్రకు ఎక్కలేదు. రాత్రి అన్నాలప్పుడు నాయనకు చెప్పుకుని ఏడ్చినంత పని చేశాను. నాయన ముద్ద కలుపుతూ, "పడుగు పోసి పెట్టినాము, ఇంకా మగ్గమెక్కించలేదు అనుకో. అది చీరా కాదు, ఉత్త దారమూ కాదు. దానికి వేరే పేరుండాల్సిందే గదా" అన్నాడు. మరుసటి రోజు ఆ మాట టీచరమ్మకు చెబితే, ఆవిడ తన పుస్తకంలో ఏదో రాసుకుంది.

నాయనకు నా చదువుతో సంబంధం ఎలా ఏర్పడిందో చెప్పాలి. మా మగ్గం గుంత మగ్గం. గుంతలో కాళ్ళు వదిలి కూర్చుని, కాలితో తొక్కుతూ చేత్తో పేక పోగున్న నాడె విసురుతూ నేయాలి. బుటా చీర నేసేటప్పుడు ఒక బుటా వరసకూ ఇంకో వరసకూ మధ్య ఖాళీ ఉంటుంది కదా, అక్కడ ఇన్ని పోగులని లెక్కపెట్టి సాదాగా నేయాలి. లెక్క తప్పితే బుటాలు ఒకచోట దగ్గరగా, ఒకచోట దూరంగా పడతాయి. నేను సాయంత్రం బండి దిగి ఇంటికొచ్చి, మగ్గం పక్కన గోడకానుకుని ఆరు మాటలూ గట్టిగా వల్లెవేసేదాన్ని. నాయన కాలు నా మాటల వెంబడి పడేది. కొన్నాళ్ళకు తన లెక్క మానేసి నా లెక్క పట్టుకున్నాడు. ఆరు మాటలకు ఆరు తొక్కులు, ఆరు పోగులు. పది కాలాలు చెబితే అరవై పోగులు, బుటాకు వేళైనట్టే. నేను ఎక్కడైనా 'మీరంతా' మింగేసి ముందుకు పోతే నాడె ఆగిపోయేది. "ఒగటి తప్పింది పాపా" అనేవాడు. స్పానిష్ ముక్క రాని మనిషి నా తప్పు పట్టేసరికి నాకు ఒళ్ళు మండేది, కానీ ఒక్కసారి కూడా నాయన మాట పొల్లుపోలేదు.

మా అవ్వ మాత్రం ఇదంతా చూసి, "నేసేది చాతగాదు గానీ, నేస్తానని చెప్పేది మాత్రం డెబ్బై రకాలుగా చెప్తాది నా మనవరాలు" అని వీధిలో అందరికీ చెప్పి నవ్వించేది.

ఇంతవరకూ అంతా బాగానే ఉంది. వల్లెవేయడంతో ఊరుకోక, ఒక్కో రూపాన్ని ఒక్కో అట్టమీద రాసుకుంటే పేకముక్కల్లా కలిపి తీసి చదువుకోవచ్చని నాకు బుద్ధి పుట్టింది. మగ్గం ఇంట్లో అట్టలకు కొదవేమిటి? చీర మీద నెమలి రావాలన్నా, మామిడిపిందె రావాలన్నా, మగ్గం నెత్తిన ఉండే జాకార్డుకు చిల్లులు పొడిచిన అట్టలు తగిలించాలి. ఒక్క తొక్కుకు ఒక్క అట్ట తిరుగుతుంది, ఆ అట్టలో చిల్లులు ఎక్కడున్నాయో దాన్ని బట్టి పడుగులోని నిలువు పోగులు లేస్తాయి. వందల అట్టలను వరసగా దారంతో కుట్టి దండలా వేలాడదీస్తారు. మా అటక నిండా అలాంటి పాత అట్టల బొత్తులు ఉండేవి. వాటిలో ఒకదానికి దారం తెగిపోయి అట్టలు విడివిడిగా ఉన్నాయి. తెగిపోయింది కదా, పనికిరానిదే అనుకుని, మధ్యలోంచి నలభై రెండు తీసుకున్నాను. ఏడు కాలాలు, ఒక్కోదానికి ఆరు. చిల్లుల మధ్య ఖాళీల్లో నల్ల సిరాతో చక్కగా రాసుకున్నాను. ఒక అట్ట మీద సిరా ఒలికి పాడైతే దాన్ని పొయ్యిలో వేసేసి, దాని బదులు ఆఫీసులోని కవరు ముక్కను అదే కొలతకు కత్తిరించి దానిమీద రాశాను.

నేత ఇంట్లో పుట్టినదాన్ని, నేను చేయకూడని పని అది. మా ఇళ్ళల్లో చీర అమ్ముడుపోయినా అట్టలు పారేయరు. పది పదిహేనేళ్ళ తర్వాత ఆ చీర కొన్నవాళ్ళు పెట్టెలోంచి తీసి పట్టుకొచ్చి, "పెద్దదానికి ఇదే కట్టినాము, చిన్నదానికీ ఇదే కావాల" అని అడుగుతారు. అడిగినప్పుడు లేదనడం మా నాయనకు తలవంపులు. దారం పురుగు కొట్టిందని, కొత్త దారంతో కుట్టాలని నాయనే దాన్ని కోసి పెట్టాడని నాకు తెలియదు. అట్టల అంచున వరస నంబర్లు కూడా ఉన్నాయి. చూశాను. చూసి, నా కాలాలన్నీ వరసగా పెట్టుకోవడానికి బాగుంటుందని ఆ నంబర్ల క్రమంలోనే రాసుకున్నాను కూడా.

పరీక్ష పాసయ్యాను. టీచరమ్మ ముందు నిలబడి తెహేర్ ను మొదటి నుంచి చివరి దాకా ఒక్క ఊపున చెప్పేశాను. చెబుతున్నంతసేపూ నా కాలు నేలను తొక్కుతూనే ఉందట, వెనక కూర్చున్నవాళ్ళు నవ్వుకున్నారు. జిగురు సీసా వదిలేసి జాబుల బల్ల దగ్గరికి పోయాను. ఆ తర్వాత కొద్ది నెలలకే టీచరమ్మ తన దేశానికి శాశ్వతంగా వెళ్ళిపోతోందని తెలిసింది. ఆరోగ్యం బాగా లేదట. ఆవిడకు ఇవ్వడానికి నా దగ్గర ఏముంది? ఆ నలభై రెండింటినీ పట్టు పోగులతో కట్టి ఇచ్చాను. ఆవిడ వాటిని రెండు చేతులతో అందుకుని గుండెలకు హత్తుకుంది. ప్రయాణం ఇంకో పది రోజులుందనగా జరిగిన సంగతి ఇది.

మరుసటి మంగళవారం హిందూపురం నుంచి ఒక పెద్దావిడ మా ఇంటికి వచ్చింది. చంకలో మూట. విప్పితే, నాయన పన్నెండేళ్ళ కిందట నేసిన చీర. మెరూన్ రంగు, కొంగు నిండా నెమలి, మెడ వెనక్కి తిప్పి తన పింఛాన్ని తానే చూసుకుంటున్న నెమలి. పెద్ద కూతురి పెళ్ళికి తీసుకున్నారట, ఇప్పుడు చిన్న కూతురికి అచ్చం అదే కావాలట. ముహూర్తం నలభై రోజుల్లో ఉంది. "నీ చేతిదే కావాలప్పా, ఇంగెవరి దగ్గరికీ పోలేదు" అంది. నాయన మొహం ఎలా వెలిగిందో నాకు ఇప్పటికీ కనబడుతుంది. తాను నేసిన చీరను తిరిగి చూసే భాగ్యం నేతగాడికి ఎన్నిసార్లు వస్తుంది? చీరను ఒళ్ళో పరుచుకుని నెమలి మెడను వేలితో తడిమి, మాట ఇచ్చేశాడు.

బుధవారం అటక మీది నుంచి బొత్తి దించి నేలమీద వరసగా పేర్చాడు. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి నాయన మోకాళ్ళ మీద కూర్చుని, నూటపదిహేనో అట్ట పక్కన నూటయాభై ఎనిమిదో అట్ట పెట్టుకుని, మధ్యలో ఖాళీ నేలను చూస్తున్నాడు. ఎలకలు ఎత్తుకుపోయి ఉంటాయని అవ్వ అంటోంది. "ఎలకలు వరస పెట్టి తింటాయా అమ్మా?" అన్నాడు నాయన. తలుపు పట్టుకుని నిలబడి ఉన్నదున్నట్టు చెప్పేశాను. అబద్ధం ఆడదామని ఒక్క క్షణం అనిపించలేదంటే అది అబద్ధమే అవుతుంది, కానీ ఆ ఖాళీ నేల చూశాక నోరు రాలేదు.

నాయన తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. "ఎవరికిచ్చినావు?" అని మాత్రం అడిగాడు. చెప్పాను. పాత చీర చూసి కొత్తగా గీత గీయించి అట్టలు కొట్టించాలంటే గీసేవాళ్ళ దగ్గర నెలకు పైనే పడుతుంది, ఆ తర్వాత నేయడానికి ఇరవై రోజులు. ముహూర్తం ఆగదు. టీచరమ్మ ఆదివారం వెళ్ళిపోతుంది. నేను రేపు పోయి అట్టలు అడిగి తెస్తానన్నాను. నాయన తల అడ్డంగా ఊపాడు. "ఇచ్చింది అడిగి తెచ్చుకునేది మన ఇంటా వంటా లేదు. నువ్వు అడగొద్దు, నేనూ అడగను. చూసి, గుర్తులు పెట్టుకుని వస్తాము, అంతే" అన్నాడు. ఆయన మాట ఇచ్చిన చీర ఒక పక్క, నేను ఇచ్చిన కానుక ఒక పక్క. ఆ రెండూ నిలబడాలని ఆయన పట్టుదల, రెండూ పోతాయని నా భయం.

గురువారం పొద్దున ప్యాసింజరులో ఇద్దరం పోయాం. నాయన ఉతికిన పంచె కట్టుకుని, గుడ్డ సంచిలో ఖాళీ అట్టలూ రెండు పెన్సిళ్ళూ పెట్టుకున్నాడు. దారి పొడుగునా ఆ సంచిని ఒళ్ళోంచి దించలేదు. ఆఫీసు మెట్ల దగ్గర చెప్పులు విడిచి, అక్కడే నిలబడిపోయాడు. టీచరమ్మే బయటికి వచ్చి "రాప్పా, లోపలికి రా, కూచో" అని కుర్చీ లాగింది. నాయన ఆ యాస విని తెల్లబోయి కూర్చున్నాడు. ఏడు కాలాల్లో నేయగలిగిన నాకు, ఆవిడ ఎదుట ఆ సంగతి చెప్పడానికి ఒక్క ముక్క దొరకలేదు. చివరికి తెలుగులోనే, తలెత్తకుండా చెప్పాను. ఆవిడ సామాన్లు అప్పటికే ట్రంకు పెట్టెలో సర్దేసి తాడు బిగించారు. ఆవిడ తనే వంగి ఆ తాడు ముడి విప్పడం మొదలుపెట్టింది.

అట్టలు తీసి నాయన చేతుల్లో పెట్టి, ఇవి నీవే, తీసుకో అంది. నాయన ఒప్పుకోలేదు. పాప ఇచ్చింది, మీవే, నాకు గుర్తులు చాలు అన్నాడు. ఇద్దరూ కాసేపు వాదించుకున్నారు, ఒకరికొకరు దండాలు పెట్టుకున్నారు. చివరికి వరండాలో కిటికీ దగ్గర బల్ల వేయించింది టీచరమ్మ. నాయన ఖాళీ అట్ట మీద పాత అట్ట ఆనించి, చిల్లుల్లోంచి పెన్సిలుతో ఒక్కో గుర్తూ పెట్టసాగాడు. నేను లోపల జాబుల దగ్గర కూర్చున్నాను, నా చేతులు జాబుల మీద, చెవులు వరండాలో.

కాసేపటికి వరండా నుంచి సన్నగా గొణుగుడు వినబడింది. "తెహో. తెహెస్. తెహె." వరస తప్పకుండా ఉండడానికి ఒక్కో అట్టకూ ఒక్కో మాట చెప్పుకుంటున్నాడు నాయన. అట్ట మీది అక్షరాలు ఆయనకు రావు. తాను చదువుతున్నది చిల్లులను, పలుకుతున్నది మగ్గం దగ్గర రోజూ సాయంత్రం విన్న నా గొంతును. టీచరమ్మ కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడింది. కాలం తర్వాత కాలం దాటుకుంటూ వస్తున్నాడు ఆయన. అయిపోయినవి దాటాడు, రాబోయేవి దాటాడు, మనసులో కోరుకునేవాటి దగ్గరికి వచ్చాడు. తెహ, తెహస్, తెహ. అక్కడ ఆగిపోయాడు.

"ఒగటి తప్పింది పాపా" అని పిలిచాడు.

నూటనలభై తొమ్మిదో అట్ట ఉండాల్సిన చోట కవరు ముక్క ఉంది. దానిమీద నా చేతిరాతలో 'మనమంతా నేయాలి' అనే మాట, తెహామొస్. ఒక్క చిల్లు లేదు. నాయన ఆ ముక్కను అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. సిరా ఒలికి పాడైతే పొయ్యిలో వేశానని చెప్పాను. నెమలి మెడ సరిగ్గా అక్కడే వెనక్కి తిరుగుతుంది. ఒక్క వరస తప్పితే మెడ విరిగినట్టు కనబడుతుంది, చీర పెళ్ళికి పనికిరాదు. మేము చేసిన ప్రయాణమంతా అక్కడితో అయిపోయిందని నాకు ఏడుపు వచ్చేసింది.

నాయన నూటనలభై ఎనిమిదిని, నూటయాభైని కిటికీకి ఆనించి, వెలుతురులో పక్కపక్కన పట్టుకున్నాడు. చాలాసేపు చూశాడు. తర్వాత టీచరమ్మను దగ్గరికి రమ్మని, చిల్లుల మీద వేలు పెట్టి చూపించాడు. "చూడమ్మా, ఇది మెడ. ఇది జుట్టు. ఇట్ల వస్తాండాది, ఇట్ల పోతాండాది. నడిమిలో ఇంగెట్ల పోతాది? పోయేదానికి ఒగటే దారి గదా" అన్నాడు. అని, ఖాళీ అట్ట తీసుకుని, దేన్నీ ఆనించకుండా, తన అంచనాతోనే గుర్తులు పెట్టేశాడు. టీచరమ్మ నా భుజం మీద చెయ్యి వేసింది.

శనివారం అమావాస్య. అమావాస్య నాడు మా ఊళ్ళో మగ్గం ముట్టరు. ఎన్ని పనులున్నా నాడె పక్కన పెట్టేస్తారు. నాయన కూడా మగ్గం ముట్టలేదు. వసారాలో పీట వేసుకుని, ఇనప పలక మీద అట్టలు పెట్టి, గుర్తుల ప్రకారం పొద్దుటి నుంచి పొద్దుపోయేదాకా చిల్లులు కొట్టాడు. "అమావాస్య నాడు ఏందిరా ఈ పని?" అని అవ్వ అరిస్తే, "నేస్తాండానా అమ్మా? చిల్లులు కొడతాండా, అంతే" అన్నాడు. అయ్యాక నా చేతికి సిరాబుడ్డి ఇచ్చి, వీటి మీద కూడా రాయమన్నాడు. నేను వద్దన్నాను. ఆ సిరా పేరెత్తితేనే నాకు ఏడుపొస్తోంది అప్పటికి. "రాయి పాపా. నీ మాటలుంటే నాకు లెక్క తప్పదు" అన్నాడు. రాశాను. నూటనలభై తొమ్మిదో అట్ట మీద రాసేముందు సిరాబుడ్డిని దూరంగా జరిపి పెట్టాను.

ఆదివారం టీచరమ్మ ఆ కానుక తీసుకునే వెళ్ళింది, కవరు ముక్కతో సహా. కొత్త అట్ట ఇస్తానంటే ఆవిడ వద్దంది.

మా చీరలు మంచి వైపు కిందికి ఉండేట్టు నేస్తారు. పై నుంచి చూస్తే పోగుల గజిబిజే కనబడుతుంది. కింద చిన్న అద్దం పట్టుకుని చూసుకోవాలి. కొంగు నేసే రోజు నేను ఆఫీసు మానేశాను. నాయన అడగలేదు, నేను చెప్పలేదు, గోడకానుకుని కూర్చుని తెహేర్ మొదలుపెట్టాను. నా మాట, నాయన తొక్కు, పైన అట్ట తిరిగిన టకటక. నూటపదహారు నుంచి ఒక్కోటి పలుకుతూ పోయాం. తెహామొస్ దగ్గర నేను ఒక్క లిప్త ఆగాను, నాయన కాలు మాత్రం ఆగలేదు. నూటయాభై ఏడు దాటాక నాడె పక్కన పెట్టి, అద్దం తీసి కిందికి పట్టాడు. చూసి, అద్దం నా చేతికిచ్చాడు. మెడ తిరిగింది. నెమలి తన పింఛాన్ని చూసుకుంటోంది.

హిందూపురం పెద్దావిడ వచ్చి రెండు చీరలూ పక్కపక్కన పరిచి, ఆ మెడ మీద ఈ మెడ మీద వేలు పెట్టి తడిమి చూసింది. ఏ తేడా కనబడలేదు ఆవిడకు. ఆవిడ వెళ్ళాక నాయన నాతో మెల్లగా, "ఒగ పోగు అటో ఇటో పోయుంటాది. మనకిద్దరికే తెలుసు" అని నవ్వాడు. ఆ పెళ్ళికూతురు తన కొంగు మీద ఒక దేశపు క్రియను ఏడు కాలాల్లో మోసుకుని పీటల మీద కూర్చుందని ఈ రోజుకీ ఆవిడకు తెలిసి ఉండదు.

ఆ తర్వాత నేను ఇరవై ఆరేళ్ళు ఆ బల్ల దగ్గర జాబులు రాశాను. పెళ్ళయి హిందూపురం వచ్చాక కూడా ఇక్కడి నుంచి పెనుకొండకు రోజూ పోయివచ్చేదాన్ని. టీచరమ్మ అక్కడి నుంచి ఒకే ఒక్క జాబు రాసింది. ఆ అట్టలను కిటికీకి వేలాడదీసిందట, పొద్దున ఎండ పడితే గోడ మీద చుక్కలు చుక్కలుగా వెలుగు పడుతుందట. ఒక్కచోట మాత్రం కవరు ముక్క నీడ. ఆ జాబు నాయనకు చదివి వినిపిస్తే, "ఆమె ఇంట్లో నెమలికి మెడ విరిగే ఉండాది పాపం" అన్నాడు, అందరినీ నవ్విస్తూ. నాయన పోయి చాలా ఏళ్ళయింది. మగ్గం విప్పేశారు, గుంత పూడ్చి పైన గ్రానైటు పరిచారు. ధర్మవరంలో ఇప్పుడు అట్టలు లేని మగ్గాలు వచ్చాయి, నెమలి మొత్తం వేలెడంత పెన్ డ్రైవులో ఇమిడిపోతుంది. అది తప్పని నేననను, నేసేవాళ్ళ నడుములకు కాస్త సుఖమే కదా. కానీ పెట్టెలోంచి పాత చీర తీసి చంకలో పెట్టుకుని, నీ చేతిదే కావాలప్పా అని గడప దగ్గర నిలబడేవాళ్ళు లేరు. ఫోనులో ఫొటో తీసి పది అంగళ్ళకు పంపుతారు, ఎవరు ముందు చెబితే వాళ్ళది. మాట ఇచ్చేవాడూ లేడు, ఇచ్చిన మాట కోసం అమావాస్య నాడు చిల్లులు కొట్టేవాడూ లేడు.

మగ్గం విప్పినప్పుడు ఆ నెమలి బొత్తిని నేను తెచ్చుకున్నాను. మొన్న సాయంత్రం పక్కింటి అమ్మాయి మళ్ళీ వస్తే అటక మీది నుంచి దించి, నలభై రెండూ చాప మీద పరిచాను. నాయన కొట్టిన చిల్లులు, నా సిరా, ఏదీ చెరగలేదు. ఆ పిల్ల ఫోను బోర్లించి పక్కన పెట్టి, నూటపదహారు నుంచి ఒక్కో అట్టా ఎత్తి వెలుతురుకు పట్టి చదవడం మొదలుపెట్టింది. ఫోను నేర్పని 'మీరంతా' దగ్గర కూడా తడుముకోలేదు. కాలం వెంబడి కాలం దాటింది. నూటనలభై తొమ్మిది దగ్గరికి వచ్చేసరికి నేను ఊపిరి బిగబట్టాను, ఆ పిల్ల తెహామొస్ అని చదివి ముందుకు పోయింది. నా కాలు గచ్చు మీద పడుతూనే ఉంది, ఆరేసి, ఆరేసి. చివరి అట్ట దించి, "సరిగ్గా చదివినానా అవ్వా?" అని అడిగింది.

సరిగ్గానే చదివింది. ఒక్కటీ తప్పలేదు. జవాబు చెప్పడానికి నాకు కొంచెం ఆలస్యమైంది, ఆ మాట నాకంటే ముందు చెప్పవలసిన మనిషి చెబుతాడేమోనని వింటూ కూర్చున్నాను.